మగ్దలేనే మరియ వేశ్య అని ఏ సువార్తలో ఉంది?

యేసు శిష్యురాలు, ఆయన పునరుత్థానానికి సాక్షి అయిన మగ్దలేనే మరియ వేశ్య అని బైబిలులో ఉందా, లేకపోతే ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందని అడిగారు. నాలుగు సువార్తలలో ఎక్కడా లేదు. ఈ సంగతి నాకు తెలిసింది చిన్ననాటి నుండి బైబిలు చదవడం వల్ల కాదు, సండే స్కూలు పిల్లలకు ఈస్టరు నాటిక నేర్పించవలసి రావడం వల్ల.

మా సంఘంలో ఆ పాత్రకు ఎర్రచీర కట్టి, జుట్టు విరబోయించడం ఆనవాయితీ. ఆ వేషం వేయవలసిన ఏడవ తరగతి అమ్మాయి ఒకనాడు, "ఆంటీ, ఈమె చేసిన పాపం ఏ వచనంలో ఉంది?" అని అడిగింది. చూపిద్దామని లూకా సువార్త తెరిచాను. ఏడవ అధ్యాయంలో, పరిసయ్యుని ఇంట యేసు పాదాలను కన్నీళ్లతో తడిపి, తలవెంట్రుకలతో తుడిచి, అత్తరు పూసిన పాపాత్మురాలు ఉంది. ఆమెకు పేరు లేదు. ఎనిమిదవ అధ్యాయం రెండవ వచనంలో ఏడు దయ్యాలు వదలిపోయిన మగ్దలేనే మరియ ఉంది. ఆమెను పాపాత్మురాలని అనలేదు సరికదా, సొంత ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీలలో ఆమె పేరే ముందుంది. నా బైబిలులో ఇద్దరూ ఒకే పేజీలో ఉన్నారు. అన్నేళ్లూ ఆ ఇద్దరినీ నేను ఒకరిగానే చదువుతూ వచ్చాను.

అలా కలిపి చదవడానికి గట్టి పునాది 591లో పడింది. పోపు మొదటి గ్రెగొరీ ఒక ప్రసంగంలో ఈ ఇద్దరితో పాటు, యోహాను సువార్తలో అత్తరు పూసిన బేతనియ మరియను కూడా చేర్చి ముగ్గురూ ఒకరేనన్నాడు. ఏడు దయ్యాలంటే సకల దుర్గుణాలేనని, ఆ అత్తరును ఆమె అంతకుముందు తన ఒంటికి పరిమళం కోసం వాడుకునేదని కూడా వ్యాఖ్యానించాడు. ఆయనకు దురుద్దేశం ఉందనుకోను, పశ్చాత్తాపపడినవారికి ఆశ చూపడమే ఆయన పని. ఆ తరువాత ఎడారిలో తపస్సు చేసిన ఐగుప్తు మరియ కథ కూడా ఈమెకే అంటుకుంది. ఫ్లోరెన్సులో దొనాతెల్లో చెక్కిన కొయ్య విగ్రహంలో ఆమె ఎముకలు తేలి, ఒళ్లంతా జుట్టు కప్పుకుని కనిపించేది అందుకే. తూర్పు ఆర్థొడాక్సు సంఘాలు మాత్రం వీరిని కలపలేదు. అక్కడ ఆమె నేటికీ సమాధి వద్దకు సుగంధద్రవ్యాలు తెచ్చిన స్త్రీయే.

మేము ప్రొటెస్టెంట్లం, పోపు మాట మాకు ప్రమాణం కాదు. అయినా ఆయన ప్రసంగం మా ఎర్రచీరలో పదిలంగా ఉండిపోయింది! కథోలికులేమో 1969లో తమ పంచాంగాన్ని సవరించి ఆమెను మిగతా ఇద్దరి నుండి వేరుచేశారు. 2016లో జూలై 22న వచ్చే ఆమె స్మరణను అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయికి పెంచారు.

ఆమె మాటకు విలువ ఎంత అన్న తగవు చాలా పాతది. స్త్రీలు తెచ్చిన పునరుత్థాన వార్త శిష్యులకు 'వెఱ్ఱిమాటలు'గా తోచిందని లూకాయే రాశాడు. 1896లో కైరోలో కొనుగోలు చేసిన ఒక ప్రాచీన ప్రతిలో బైబిలులో చేరని 'మరియ సువార్త' అనే గ్రంథం బయటపడింది. అందులోని మరియ ఈమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కడ పేతురు, ప్రభువు తమతో చెప్పనివి ఒక స్త్రీతో చెప్పి ఉంటాడా అని శంకిస్తే, లేవి అనే మరో శిష్యుడు ఆమె పక్షాన మాట్లాడతాడు. ఇక ఆమెను యేసుకు భార్యను చేసే కథలంటారా, వాటికీ సువార్తలలో ఆధారం లేదు. ఎర్రచీర విప్పి పట్టుచీర కట్టడం నాకు సమ్మతం కాదు.

ఆ ఈస్టరుకు అమ్మాయికి తెల్లచీర కట్టి, చేతికి మా ఇంటి ఇత్తడి చెంబు ఇచ్చాను. "నేను ప్రభువును చూచితిని" అన్న ఒక్క మాటను ఆమె వేదిక అంచు దాకా వచ్చి చెప్పింది. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద, "పాపాత్మురాలి ఘట్టం తీసేశారేమమ్మా?" అని అడిగారు. ఆయన చేతిలోని బైబిలులోనే ఆ రెండు అధ్యాయాలూ చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "అయితే ఆ పాపాత్మురాలి పేరేమిటి?" అన్నారు.