డ్రైవర్ రివ్యూకి కూర్చునే ముందు

అమ్మలూ,

నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ని, అంటే ఆ కార్డుని నడిపే కోడ్‌ని, రివ్యూ చేసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "కెర్నెల్ అంటే పెద్ద పనేనట్రా?" అని రెండుసార్లు అడిగాడు. పెద్దదే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అది అన్నాను. గర్వంగానే ఉంది, కాస్త దడగానూ ఉంది.

కోడ్‌లో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్, స్పార్స్ టూల్స్ నడుపు. వార్నింగులుంటే తిప్పి పంపెయ్.

నా భయం వేరు. 2008లో లినక్స్ 2.6.27 ఇంకా తయారీలో ఉండగా, దాన్ని పరీక్షిస్తున్నవాళ్ల ఇంటెల్ కార్డులు కొన్ని చచ్చిపోయాయి. రీబూట్ చేసినా లేవలేదు. కార్డు తన సెట్టింగులు దాచుకునే ఎన్‌వీఎం చెడిపోయింది. అందరూ ఆ కార్డుల డ్రైవర్ ఇ1000ఇ మీద పడ్డారు. చివరికి దొరికిన దొంగ ఎఫ్‌ట్రేస్, కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూసే టూల్. మాడ్యూళ్ల (కెర్నెల్‌కి తగిలించే ముక్కల) ఇనిట్ కోడ్‌లోని, అంటే మొదట్లో ఒక్కసారే నడిచే కోడ్‌లోని, అడ్రసులు అది రాసిపెట్టుకుంది. ఇనిట్ అయ్యాక కెర్నెల్ ఆ చోటు ఖాళీ చేసింది, అక్కడికే ఐఓరీమ్యాప్‌తో (హార్డ్‌వేర్‌ని మెమరీ అడ్రసుల్లోకి మ్యాప్ చేసే ఫంక్షన్) కార్డు ఫ్లాష్, ఆ ఎన్‌వీఎం ఉండే చిప్పు, వచ్చి చేరింది. ఖాళీ చేసిన అద్దింటికి పాత తాళంచెవితో వెళ్లినట్టు, ఎఫ్‌ట్రేస్ వెళ్లి అక్కడ కంపేర్-ఎక్స్‌ఛేంజ్ చేసింది, అంటే అనుకున్న విలువ ఉంటే దాని చోట కొత్తది రాయడం. విలువ కలవకపోతే ఏమీ రాయదులే అనుకుంటాం కదా? ఎక్స్86 ప్రాసెసర్లలో కలవకపోయినా పాత విలువనే తిరిగి రాస్తుంది. ర్యామ్‌కైతే ఫర్వాలేదు. కానీ అక్కడున్నవి కార్డు రిజిస్టర్లు, వాటికి రాయడమంటే హార్డ్‌వేర్‌కి పని చెప్పడమే.

మరి డ్రైవర్ తప్పేమీ లేదా? ఎన్‌వీఎంకి రాయకుండా తాళం వేసే వీలు హార్డ్‌వేర్‌లోనే ఉంది. డ్రైవర్‌లో ఆ తాళం వేసింది గొడవయ్యాకే. అందుకే ముందు ఇది అడుగు: మ్యాప్ చేసినవాటిలో రీబూట్‌తో కోలుకోనిది ఏది, దానికి తాళం పడిందా? "మా కోడ్ అక్కడ రాయదండీ" అంటారు. వాళ్లది రాయకపోవచ్చు, పక్కవాళ్లది?

కార్డు పనిలో ఉందని చెప్పే బిజీ బిట్ దిగేదాకా తిరిగే లూపుకి టైమౌట్ ఉందో లేదో చూడు. కార్డు ఊడితే, రిజిస్టర్ చదివే రీడ్‌ఎల్ అన్నీ ఒకట్లే ఇస్తుంది, ఆ బిట్ ఇక దిగదు. డ్రైవర్‌ని తీసేసేటప్పుడు నడిచే రిమూవ్‌లో బఫర్లు పోయాక కూడా ఇంటరప్ట్ (కార్డు నుంచి వచ్చే పిలుపు) బతికే ఉంటోందేమో చూడు.

సీనియర్ రాశాడని మొహమాటపడి రివ్యూడ్-బై (చూశాను, బాగుంది అనే సంతకం) ఇచ్చావో, ఊరుకోను. పెళ్లి పంక్తిలో అప్పడం అడగలేక నా వైపు చూసేదానివి. ఇక్కడ నీ పక్కన నేనుండను తల్లీ, నువ్వే నోరు తెరిచి అడగాలి.

కార్డు మీద ప్యాచ్ పెట్టి చూసే ముందు ఈత్‌టూల్ కమాండ్‌తో ఈఈప్రామ్ డంప్, అంటే ఆ ఎన్‌వీఎంలోని సెట్టింగుల నకలు, తీసుకో. వేరే మెషీన్‌లో దాచు సుమా. ఆ కార్డే పోతే, ఆ మెషీన్‌లోంచి ఫైలు బయటికి తేవడానికి పెన్‌డ్రైవ్ వెతుక్కోవాలి.

మీ బాబాయి