మా 80 వేలు ఏ పేజీలో ఉన్నాయి?

ప్రశ్న: 2024 ఎన్నికల్లో మా పల్లెలో నలభై మందిమి మనిషికి 2 వేలు చొప్పున వేసుకుని 80 వేలు పోగేసినాం. కవర్లో పెట్టి, పోటీ చేసినాయన బావమరిది చేతికిచ్చినాం. రసీదు అడగడానికి మొగమాటమేసింది. ఇప్పుడు ఊర్లో ‘ఆ డబ్బు ఏటైపోనాది’ అని నన్నే నిలదీస్తన్నారు. తెలుసుకునే దారుందా?
– ఒక రైతు, నరసన్నపేట మండలం

జవాబు: ఉంది బాబూ. రుసుము ఒక్క రూపాయి.

పోటీ చేసిన ప్రతివారూ, గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, ఇచ్చి తీరాలి. జూన్ 4న ఫలితాలొచ్చాయి కాబట్టి మీ ఆయనా జులై మొదట్లోనే ఇచ్చుండాలి. 1961 ఎన్నికల నిబంధనల్లో 88వది చూడండి: ఆ లెక్కను రూపాయి కట్టి ఎవరైనా చూడొచ్చు. నకలు కావాలంటే దాని రుసుము వేరు. శ్రీకాకుళం కలెక్టరేటుకెళ్లి, నియోజకవర్గం పేరు, అభ్యర్థి పేరు రాసి అర్జీ పెట్టండి. ఆలస్యం చేయకండి, పాత కాగితాల సంగతి తెలిసిందే కదా.

ఖజానా శాఖలో ఉండగా నన్నూ రెండు ఎన్నికల్లో ఈ లెక్కల పనికి వేశారు. అభ్యర్థి రాయాల్సిన ఖర్చుల రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకి, గులాబీవి నగదుకి, పసుపువి బ్యాంకుకి. నేను చూసిన గులాబీ పేజీలు చాలావరకు పెట్టెలోని పెళ్లిచీరల్లా నలగకుండా ఉండేవి! టీలు, కుర్చీల దగ్గర మాత్రం ఏజెంట్లు ‘ఆ కుర్చీలు మా చుట్టాల పెళ్లివండీ’ అని పోట్లాడేవారు. ఎందుకంటే రాసిన ప్రతి రూపాయీ అభ్యర్థి ఖర్చు పరిమితిలో కలుస్తుంది. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థికి అది 40 లక్షలు. పార్టీ సొంత ప్రచారానికి, పెద్ద నాయకుల హెలికాప్టర్లకు ఆ పరిమితి లేదు. అది నాకెప్పుడూ మింగుడు పడలేదు.

మీరు వెతకాల్సింది ‘ఇతరుల నుంచి వచ్చిన విరాళాలు’ రాసిన కాగితం. నలభై పేర్లూ విడివిడిగా ఉంటే పరవాలేదు. ఒకే పేరున 80 వేలు నగదని ఉంటే అది తప్పు, ఒకరి దగ్గర 10 వేలకు మించి నగదు తీసుకోకూడదు. అసలు లేనే లేకపోతే లెక్కలో చూపలేదనే అర్థం. అంతమాత్రాన బావమరిది తినేశాడని కాదు, ఆ కవరు అలాగే ఏ ఫ్లెక్సీలకో పోయుండొచ్చు. అయినా లెక్క తప్పేనని కలెక్టరుకు రాసివ్వొచ్చు. దానికి రుజువేదంటే మాత్రం మీ దగ్గర రసీదు లేదు.

ఈసారి ఇవ్వాలనిపిస్తే అభ్యర్థి ఎన్నికల ఖాతాకే చెక్కివ్వండి. నామినేషనుకు కనీసం ఒకరోజు ముందే ఆ ఖాతా తెరవాలి. నంబరు అడిగితే బావమరిది మొహం మాడ్చుకుంటాడేమో, మాడ్చుకోనివ్వండి.