డాక్టర్ సలహా: లిగమెంట్ ఆపరేషన్ అయి 7 నెలలైంది.. వచ్చే నెల సెలక్షన్స్‌లో ఆడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 38. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. నల్గొండలో ఓ ప్రైవేట్ స్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. డిగ్రీ రోజుల నుంచి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడుతున్నాను. క్యాచర్‌ని, అంటే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాణ్ని. పోయినేడాది బేస్ దగ్గర మలుపు తిరుగుతుంటే ఎడమ మోకాలు మెలిపడి టప్‌మని శబ్దం వచ్చింది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందని, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందని చెప్పి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. మెనిస్కస్‌కు కుట్లు వేశారు. 7 నెలలైంది. ఫిజియోథెరపీకి 3 నెలలు వెళ్లి, అంత దూరం తిరగలేక మానేశాను. ఇప్పుడు నడిస్తే నొప్పి లేదు. గ్రౌండ్‌లో దిగిన రోజు మాత్రం రాత్రికల్లా మోకాలు వాస్తోంది. వచ్చే నెల సెలక్షన్స్ ఉన్నాయి. ఇంజక్షన్ చేయించుకుని ఆడమంటున్నారు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు చిప్పర్ జోన్స్‌కు 38 ఏళ్లప్పుడు ఇదే లిగమెంట్ తెగినా 8 నెలల్లోపే ఆడాడు కదా? నేను ఆడకూడదా? చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్లే నా మోకాలు ఇట్లా అయిందా?
- ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: వచ్చే నెల ఆడొద్దు. ఇది వినడానికి మీకెంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. 38 ఏళ్ల ఆటగాడికి ఒక సీజన్ పోవడం చిన్న విషయం కాదు. కానీ మీ మోకాలు ఇంకా సిద్ధంగా లేదని మీ ఉత్తరంలోనే ఉంది. రాత్రికల్లా వస్తున్న ఆ వాపే అందుకు గుర్తు.

మన దగ్గర చాలామంది దీన్ని 'నరం తెగింది' అంటారు. అది నరం కాదు, తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్. ఆపరేషన్‌లో దాని స్థానంలో మీ ఒంట్లోంచే తీసిన మరో స్నాయువును అమరుస్తారు. అది లిగమెంట్‌లా మారి గట్టిపడటానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. నొప్పి ఎప్పుడో తగ్గిపోతుంది కాబట్టి మోకాలు బాగైందని మనిషి నమ్మేస్తాడు. 9 నెలలు నిండకముందే ఆటలోకి దిగినవాళ్లలో మళ్లీ మోకాలు దెబ్బతినడం బాగా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. 9 నెలలు నిండాయంటే ఆడొచ్చని కాదు, కాలికి బలం కూడా రావాలి.

అసలు చిక్కు మీరు 3 నెలలకే ఫిజియోథెరపీ మానేయడంలో ఉందని నా అనుమానం. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లి, అరగంట వ్యాయామం చేసి, మళ్లీ బస్సెక్కి రావడం ఉద్యోగం చేసేవాళ్లకు ఎంత భారమో రోజూ చూస్తూనే ఉన్నాను. అయితే ఆ 3 నెలలు మోకాలు వంగడానికి, నడక సరిగ్గా రావడానికే సరిపోతాయి. పరుగుకు, మలుపులకు కావాల్సిన తొడ బలం ఆ తర్వాతే వస్తుంది.

ఇంట్లోనే చూసుకోండి. టైలర్ టేపు తీసుకుని రెండు కాళ్లకూ మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత తీయండి. ఎడమ తొడ సన్నబడి ఉంటుందనే అనుకుంటున్నా. తర్వాత కుర్చీ అంచున కూర్చుని, చేతులు కట్టుకుని, కుడికాలు ఒక్కదాని మీదే ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. ఎడమకాలితోనూ అలాగే చేయండి. నొప్పి వచ్చినా, కాలు వణికినా ఆపేయండి. కుడికాలు 20 సార్లు లేస్తే ఎడమది కనీసం 18 సార్లన్నా లేవాలి. అలా లేచినా సరిపోదు, ఒంటికాలి గెంతులు, యంత్రంతో బలం కొలిచే పరీక్షలు కూడా దాటాలి.

వాపు తెలుసుకునే పద్ధతి కూడా చెబుతా. మంచం మీద కాలు చాపి, కండరం బిగించకుండా కూర్చోండి. చిప్పకు లోపలి వైపున్న గుంటను అరచేత్తో కింది నుంచి తొడ వైపు రెండు మూడుసార్లు నిమరండి. వెంటనే బయటి వైపు పై నుంచి కిందికి ఒక్కసారి నిమరండి. లోపలి గుంట మెల్లగా నిండుతూ ఉబ్బితే మోకాల్లో నీరుంది. గ్రౌండ్‌కు వెళ్లిన మర్నాడు పొద్దున చూసుకోండి. నీరు కనిపిస్తే ముందురోజు చేసింది మీ మోకాలికి ఎక్కువైందన్నమాట. పరుగు, గెంతులు ఆపి, నీరు తగ్గాక ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టాలి.

ఇంజక్షన్ మాట పక్కన పెట్టండి. స్టెరాయిడ్ ఇస్తే వాపు, నొప్పి కొన్ని వారాలు తగ్గొచ్చు. మోకాలు బలహీనంగానే ఉంటుంది, హెచ్చరించే నొప్పి మాత్రం పోతుంది. పదే పదే చేయిస్తే గుజ్జు కూడా దెబ్బతింటుంది. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగి మన నల్గొండ ఎండలో ఆడటం ఇంకా ప్రమాదం. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బకొడతాయి.

చిప్పర్ జోన్స్ గురించి మీరన్నది నిజమే. 2010 ఆగస్టులో ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది, 2011 సీజన్ మొదటికే ఆడాడు. ఆ తర్వాతది కూడా చూడండి. అదే ఏడాది జులైలో కుడి మోకాలి మెనిస్కస్‌కు, 2012 మార్చిలో మళ్లీ ఎడమ మోకాలి మెనిస్కస్‌కు ఆపరేషన్లు అయ్యాయి. రోజూ పక్కనే ఉండి చూసుకునే ట్రైనర్లు ఉన్న మనిషికే అలా జరిగింది. అక్కడి మరో బేస్‌బాల్ ఆటగాడు, బంతి విసిరే పిచ్చర్ మరియానో రివేరా 42 ఏళ్ల వయసులో 2012 మే నెలలో ఇదే గాయంతో పడిపోయి, ఆ ఏడాదంతా వదిలేసుకున్నాడు. 2013లో వచ్చి 44 సేవ్‌లు చేశాడు, అంటే అన్ని మ్యాచ్‌ల్లో చివర్లో బంతి విసిరి జట్టు ఆధిక్యాన్ని కాపాడాడు. మీరు ఆయన దారి పట్టాలని నా కోరిక.

ఫ్లోరైడ్ ప్రశ్న మీరు అడగడం మంచిదైంది. లిగమెంట్ తెగింది మెలిపడినందువల్ల. దానికి నీళ్లు కారణమని చెప్పలేం. అయితే భగీరథ నీళ్లు రాకముందు మర్రిగూడలో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో లిగమెంట్లు ఎముకకు అతుక్కునే చోట సున్నం పేరుకుని, నడుము, మెడ, కీళ్లు బిగుసుకుపోవడం మనకు తెలిసిందే. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు తల వెనక్కి పెట్టుకోగలరా? వీటిలో ఏది కష్టమైనా ఎక్స్‌రేలు, మూత్రంలో ఫ్లోరైడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. నడుము, తుంటి బిగుసుకుంటే క్యాచర్‌గా గొంతుక్కూర్చున్నప్పుడు ఆ భారమంతా మోకాలే మోస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి. కుట్లు వేసిన మెనిస్కస్ మళ్లీ చిరిగిందేమో చూడాలి. మోకాలు మధ్యలో పట్టేసినా, జారిపోతున్నట్టు ఉన్నా ఆగకుండా వెళ్లండి. మోకాలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వస్తే, లేదా పిక్క వాచి నొప్పిగా ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. అంతా బాగుందంటే నల్గొండలోనే ఒక ఫిజియోథెరపిస్టును చూసుకోండి. వారానికోసారి ఆయన దగ్గర, మరో రెండు రోజులు సొంతంగా, కనీసం 3 నెలలు తొడ ముందు, వెనుక కండరాలకు బరువులతో వ్యాయామం చేయాలి. పైన చెప్పిన గెంతుల, బలం పరీక్షలు దాటాకే మ్యాచ్.

దాటినా, మళ్లీ క్యాచర్‌గా కూర్చోవాలా అన్నది ఆలోచించండి. పూర్తిగా గొంతుక్కూర్చుంటే కుట్లు పడిన మెనిస్కస్ వెనుక భాగం నలుగుతుంది. మీ చేతులకు బంతి పట్టే నేర్పు ఉంది, నిలబడి బంతులు అందుకునే ఫస్ట్ బేస్ స్థానం మీకు నప్పుతుంది. ఈలోగా స్కూల్లో పిల్లలకు క్యాచింగ్ నేర్పేటప్పుడు మీరు కూర్చుని చూపించకండి. పొట్టి స్టూల్ వేసుకుని దాని మీద నుంచి చూపించండి.