అమ్మాయి విశ్వవిద్యాలయాల కూటమిలో విద్యార్థి ప్రతినిధి అయింది, మానేయమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి బెల్జియంలోని కేయూ లూవెన్‌లో స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ ఎంఎస్సీ మొదటి సంవత్సరం చదువుతోంది. విద్యారుణం తీసుకుని పంపించాం. ఆ విశ్వవిద్యాలయం ‘ఉనా యూరోపా’ అనే కూటమిలో ఉందట. దాని విద్యార్థి మండలికి మా అమ్మాయి ఎంపికైంది. నెలకు రెండు మూడు సమావేశాలు, అప్పుడప్పుడు వేరే దేశాలకు ప్రయాణాలు ఉంటాయంటోంది. ఇది విద్యార్థి రాజకీయమని, చదువు చెడుతుందని మా బావమరిది అంటున్నాడు. పైగా రేపు పట్టా కేయూ లూవెన్ ఇస్తుందా, ఈ కూటమి ఇస్తుందా అన్నది మాకు అర్థం కావడం లేదు. మానేయమని చెప్పాలా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: మానేయమని చెప్పకండి. ఎందుకో చెప్పే ముందు పట్టా సంగతి తేల్చేద్దాం. అప్పు చేసి పంపిన తండ్రికి ముందుగా తెలియాల్సింది అదే.

పట్టా ఇచ్చేది కేయూ లూవెన్. మీ అమ్మాయి ప్రవేశం పొందింది అక్కడే, మీరు ఫీజు కట్టిందీ దానికే. ఐరోపా సమాఖ్య ఒప్పందాలు చదువులో ఏం బోధించాలి, విద్యావ్యవస్థను ఎలా నడపాలి అన్న బాధ్యతను సభ్యదేశాలకే వదిలాయి. కాబట్టి సొంత పేరుతో పట్టా ఇచ్చే అధికారం కూటమికి లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఉమ్మడి కోర్సులు నడుపుతాయి. ఉనా యూరోపాలోనే 2022లో యూరోపియన్ అధ్యయనాల ఉమ్మడి బీఏ మొదలైంది. అలాంటి వాటిలో కూడా పట్టా మీద ఉండేవి విశ్వవిద్యాలయాల పేర్లే. మీ అమ్మాయి చదివేది ఉమ్మడి కోర్సు కాదు కనుక ఆ చర్చ మీకు అవసరం లేదు. కూటమిలో చేరితే ‘పదకొండు విశ్వవిద్యాలయాల డిగ్రీ’ వస్తుందని ఒక ఏజెంటు చెప్పగా నమ్మి నా దగ్గరకు వచ్చిన కుటుంబం ఉంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అలాంటి మాట వింటే, పట్టా మీద ఎవరి సంతకం ఉంటుందో రాసి ఇమ్మని అడగమనండి.

ఇక ఈ కూటములు ఎక్కడివి? 2017 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, దేశాల సరిహద్దులు దాటి కలిసి పనిచేసే యూరోపియన్ విశ్వవిద్యాలయాలు ఓ ఇరవై దాకా ఏర్పడాలని ప్రతిపాదించారు. 2019లో ఐరోపా కమిషన్ తొలి విడతగా 17 కూటములను ఎంపిక చేసింది. 2024 నాటికి అవి 64 అయ్యాయి, వాటిలో 560కి పైగా విద్యాసంస్థలు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య విద్యా, విద్యార్థి మార్పిడి పథకమైన ఎరాస్మస్ ప్లస్ నిధుల నుంచి ఒక్కో కూటమికి నాలుగేళ్లకు గరిష్ఠంగా 1.44 కోట్ల యూరోల దాకా ఇస్తారు. ఉనా యూరోపా తొలి విడతలోనే ఎంపికైంది. ఎనిమిది విశ్వవిద్యాలయాలతో మొదలై ఇప్పుడు పదకొండయ్యాయి: లూవెన్, బొలోన్యా, పారిస్ 1, బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీ, మాడ్రిడ్‌లోని కొంప్లుటెన్సె, క్రాకోవ్‌లోని యగెల్లోనియన్, హెల్సింకి, ఎడిన్‌బరో, లైడెన్, జ్యూరిచ్, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్. బెల్జియం చట్టం కింద లాభాపేక్ష లేని సంఘంగా ఇది నమోదైంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు దీన్ని ఎవరు, ఎలా నడుపుతారన్న దానిలో ఉంది. మన దగ్గర వైస్ ఛాన్సలర్ ఎలాగో అక్కడ రెక్టర్ అలాగ. ఆ పదకొండు మంది రెక్టర్లు కూర్చునే సర్వసభ్య సభ ఉంటుంది. దాని కింద నిర్ణయాలను ముందుకు నడిపే మండలి, రోజువారీ పనికి సచివాలయం, ఒక్కో విషయానికి ఆచార్యుల బృందాలు, వీటితో పాటు మీ అమ్మాయి ఎంపికైన విద్యార్థి మండలి ఉంటాయి. ఏ విశ్వవిద్యాలయమూ మరొక దాని కింద లేదు. లూవెన్ రెక్టర్ చెప్పినంత మాత్రాన మాడ్రిడ్ వినాలన్న నియమం లేదు. ఆజ్ఞ చెల్లని చోట ఒప్పించడం ఒక్కటే దారి. నెలల తరబడి ఒకరినొకరు ఒప్పించుకుంటేనే చిన్న నిర్ణయమైనా బయటికి వస్తుంది.

మీ బావమరిది గారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. అవి జరిగిన రోజుల్లోని గొడవలే మన తరానికి గుర్తుండిపోయాయి. పాలకమండలిలో విద్యార్థి కూర్చోవడం మనం చూసిన దృశ్యం కాదు. ఐరోపాలో దీనికి వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1088లో మొదలైందని చెప్పుకునే బొలోన్యా విశ్వవిద్యాలయం తొలి శతాబ్దాల్లో విద్యార్థుల చేతుల్లోనే నడిచింది. న్యాయశాస్త్రం చదవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పరదేశులకు ఆ నగరంలో పౌరహక్కులు ఉండేవి కావు. అద్దెల దగ్గర, అప్పుల దగ్గర వాళ్లను అడిగే దిక్కు ఉండేది కాదు. అందుకే సంఘాలు కట్టుకున్నారు, తమలో నుంచే రెక్టర్‌ను ఎన్నుకున్నారు. ఆచార్యులు ఆ విద్యార్థి రెక్టర్‌కు విధేయతా ప్రమాణం చేయాలి. పాఠం ఆలస్యంగా మొదలుపెడితే జరిమానా, ఊరు దాటాలంటే సెలవు అడగాలి. అదే కాలంలో పారిస్‌లో మాత్రం పెత్తనం ఆచార్యుల సంఘానిది. ఈ రెండు సంప్రదాయాల వారసులూ ఇవాళ ఒకే కూటమిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుంటున్నారు. పరదేశి విద్యార్థుల గొంతు వినిపించడానికి మీ అమ్మాయి అక్కడికి వెళ్తోంది. ఆ పని అక్కడ కొత్తది కాదు, చిన్నదీ కాదు.

లూవెన్‌కు మరో అనుభవం ఉంది, అది చేదుది. ఒకప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో డచ్ మాట్లాడేవాళ్లు, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు కలిసి ఉండేవారు. 1968లో వాళ్ల మధ్య భాషా వివాదం వీధుల్లోకి వచ్చి బెల్జియం ప్రభుత్వాన్నే కూల్చింది. చివరికి విశ్వవిద్యాలయం రెండుగా చీలిపోయింది. ఫ్రెంచ్ విభాగం కోసం లూవాన్-లా-నవ్ అనే కొత్త ఊరినే కట్టారు. గ్రంథాలయం పుస్తకాలను కూడా పంచుకున్నారు. ఒకే దేశంలో, ఒకే ఆవరణలో రెండు భాషలవాళ్లు కలిసి పాలించుకోలేకపోయిన ఆ సంస్థే ఇప్పుడు ఇన్ని భాషల సంస్థలతో కలిసి నిర్ణయాలు తీసుకుంటోంది. ఇది నన్ను నిజంగా కదిలిస్తుంది. 1425లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి 2025లో తొలిసారి ఒక మహిళ, సెవరిన్ వెర్మైరె, రెక్టర్‌గా ఎన్నికయ్యారు. అక్కడ రెక్టర్ ఎన్నికలో విద్యార్థులకూ ఓటు ఉంటుంది.

సరే, ఆ సమావేశాల్లో వీళ్లు ఏం మాట్లాడతారు? ఒక ఉదాహరణ చెబుతాను, మీ అమ్మాయి చదువుకు దగ్గరిది. లూవెన్‌లో మార్కులు 20కి వేస్తారు. ఇటలీలో 30కి. స్పెయిన్‌లో 10కి. జర్మనీలో 1 వస్తే అత్యుత్తమం, 5 వస్తే తప్పినట్టు. పోలండ్‌లో అందుకు తలకిందులు, 5 వస్తే అత్యుత్తమం, 2 వస్తే తప్పినట్టు. లూవెన్ విద్యార్థి ఒక సెమిస్టర్ బొలోన్యాలో చదివి 30కి 27 తెచ్చుకున్నాడనుకోండి. దాన్ని లూవెన్‌లో ఎంతగా రాయాలి? త్రైరాశికం వేసి 18 అంటే తప్పు. లూవెన్‌లో 20కి 18 చాలా అరుదు, ఇటలీలో 27 అంత అరుదు కాదు. సరైన పద్ధతి ఏమిటంటే, రెండు చోట్లా ఏ మార్కు ఎంత శాతం మందికి వస్తోందో పట్టికలు వేసి, సమానమైన స్థానాలను పోల్చడం. పాసైన కోర్సులను పాయింట్లుగా, అంటే క్రెడిట్లుగా, లెక్కించే ఐరోపా క్రెడిట్ వ్యవస్థ మార్గదర్శిక కూడా ఇలాంటి పట్టికలనే సూచిస్తుంది. ఇది అచ్చంగా స్టాటిస్టిక్స్ పని. ఆ బల్ల దగ్గర చట్టం చదివినవాళ్లు, చరిత్ర చదివినవాళ్లు ఎక్కువగా ఉంటారు. మార్కుల పంపిణీ అంటే ఏమిటో చేతిలో లెక్కలు పెట్టుకుని వివరించగల విద్యార్థి మాట అక్కడ నిలుస్తుంది.

అందుకే నేను మానేయమనడం లేదు, పనిని ఎంచుకోమంటున్నాను. మండలిలో పది బాధ్యతలు ఉంటాయి. వేడుకలు, ప్రచారం, స్వాగత కార్యక్రమాలు ఇతరులకు వదిలేయమనండి. మార్కుల బదలాయింపు, క్రెడిట్ల గుర్తింపు, కోర్సుల నాణ్యత సర్వేలు, ఈ మూడింటిలో ఒక్కదాన్ని పట్టుకోమనండి. ఏడాది చివరికి తను తయారుచేసిన నివేదిక ఒకటి చేతిలో ఉండాలి. రెజ్యూమేలో ‘విద్యార్థి మండలి సభ్యురాలు’ అన్న ఒక్క పంక్తికి ఏ కంపెనీలోనూ పెద్ద విలువ ఉండదు. ‘పదకొండు విశ్వవిద్యాలయాల మార్కుల సమాచారాన్ని సేకరించి, శుద్ధి చేసి, పోలిక నమూనా తయారుచేశాను, దాన్ని మండలి ముందు వివరించాను’ అని రాసి, అడిగినప్పుడు నివేదిక చూపిస్తే, డేటా ఉద్యోగం ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి అదొక్కటి చాలు.

ఇంకో సంగతి కూడా తనను చూడమనండి. కూటమికి ఒక నియమావళి ఉంటుంది. విద్యార్థి మండలికి ఏ స్థాయి సభలో ఓటు ఉంది, ఎక్కడ సలహా మాత్రమే చెప్పగలదు అన్నది అందులో ఉంటుంది. ఒక్కో కూటమిలో ఇది ఒక్కో రకంగా ఉంటుంది. ఓటు లేని చోట తీర్మానం కోసం పోరాడితే అలసట మిగులుతుంది, ముందుగా రాతపూర్వకంగా అభిప్రాయం పంపితే పని జరుగుతుంది. పాలకమండలిలో ఎవరు కూర్చుంటారన్నది ఎంత పెద్ద విషయమో హంగేరీ చూపించింది. అక్కడి విశ్వవిద్యాలయాలను ట్రస్టుల చేతుల్లో పెట్టి, వాటి బోర్డుల్లో అధికార పక్షానికి చెందినవాళ్లను కూర్చోబెట్టారు. దాంతో 2022 డిసెంబరులో ఐరోపా సమాఖ్య మండలి ఆ ట్రస్టులతో, వాటి సంస్థలతో కొత్త నిధుల ఒప్పందాలు చేసుకోకూడదని నిర్ణయించింది. ఎరాస్మస్, పరిశోధన నిధులు రెండూ ఆ నిర్ణయం కిందికి వచ్చాయి. ఆ తప్పులో ఏ పాత్రా లేని విద్యార్థులు మార్పిడి అవకాశాలకు దూరమయ్యారు.

ఇప్పుడు మీరు గట్టిగా పట్టుబట్టాల్సినవి చెబుతాను. మొదటిది క్రెడిట్లు. బెల్జియంలో చదువులో పురోగతి చూసే నివాస అనుమతి పొడిగిస్తారు. లూవెన్‌లో ప్రధాన పరీక్షలు జనవరిలో, జూన్‌లో ఉంటాయి. ఆ రెండు నెలల్లోనూ, వాటికి ముందు మూడేసి వారాల్లోనూ ఏ సమావేశమూ, ఏ ప్రయాణమూ వద్దని ఇప్పుడే మండలికి రాసి ఇవ్వమనండి. విద్యార్థుల మండలి కనుక అర్థం చేసుకుంటారు. మిగిలిన రోజుల్లో వారానికి నాలుగు గంటలు దాటకూడదన్నది నా సలహా. తను చదువుకుంటూ ఉద్యోగం కూడా చేస్తుంటే, అక్కడ చదువు రోజుల్లో వారానికి 20 గంటల పరిమితి ఉంది. ఆ గంటలు, ఈ గంటలు కలిపి లెక్క వేసుకోమనండి. మొదటి సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు తప్పినా ఆ ఏడాదికి మండలి బాధ్యతలు తగ్గించుకోవాలి. ఈ మాట మీరిద్దరూ ముందే అనుకుని ఉంచుకోండి, ఫలితాలు వచ్చాక వాదించుకోవడం కష్టం.

రెండోది ప్రయాణాలు. బెల్జియం నివాస కార్డుతో, ఒకే వీసా చెల్లే షెన్‌గెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగవచ్చు. బొలోన్యా, పారిస్, బెర్లిన్, మాడ్రిడ్, క్రాకోవ్, హెల్సింకి, లైడెన్, జ్యూరిచ్ అన్నీ ఆ పరిధిలోనివే. డబ్లిన్, ఎడిన్‌బరో అలా కాదు. ఐర్లాండ్ షెన్‌గెన్‌లో లేదు, బ్రిటన్ సమాఖ్యలోనే లేదు. భారత పాస్‌పోర్టుతో ఆ రెండు చోట్లకూ వేర్వేరు వీసాలు కావాలి, దానికి డబ్బూ సమయమూ పడతాయి. తోటి సభ్యుల్లో ఐరోపా పౌరులకు ఈ ఇబ్బంది తెలియదు, వాళ్లకు తట్టదు కూడా. సమావేశం అక్కడ పెట్టాలనుకున్నప్పుడే తను చెప్పాలి: వీసాకు ఆహ్వాన పత్రం కావాలని, లేదా ఆన్‌లైన్‌లో పాల్గొని ఓటు వేసే వీలు ఉండాలని. అది తన ఒక్కదాని కోసం అడిగినట్టు కాదు. ఈ పదకొండు చోట్లా చదువుతున్న ఐరోపా బయటి విద్యార్థులందరి తరఫున అడిగినట్టే. టికెట్ కొనే ముందు ఖర్చు ఎవరు భరిస్తారో ఈమెయిల్‌లో తీసుకోమనండి. ముందు తన డబ్బు పెట్టి తర్వాత తిరిగి తీసుకునే పద్ధతి అయితే, రుణం డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది.

ఉద్యోగాల మాటకు వస్తే, ఈ అనుభవం వల్ల విశ్వవిద్యాలయ కూటముల సచివాలయాల్లో, ఉన్నత విద్యా సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలకు దారి దొరకవచ్చు. అయితే వాటిలో చాలావరకు నిధులు ఉన్నన్నాళ్లే ఉండే ఒప్పంద ఉద్యోగాలు. రుణం తీర్చాల్సిన మీ అమ్మాయికి నేను వాటిని మొదటి లక్ష్యంగా సూచించను. డేటా ఉద్యోగమే మొదటిది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి బెల్జియం 12 నెలల అనుమతి ఇస్తుంది. ఆ ఏడాదిలో పనికొచ్చేవి రెండు: పైన చెప్పిన నివేదిక, లూవెన్‌లో మాట్లాడే డచ్ భాష కొంచెం. సమావేశాలన్నీ ఇంగ్లిష్‌లో జరుగుతాయి కనుక డచ్ దానంతట అది రాదు, విడిగా నేర్చుకోవాలి.

ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు ‘ఎందుకమ్మా ఇదంతా’ అని మొదలుపెట్టకండి. ‘బొలోన్యాలో 27 వస్తే లూవెన్‌లో ఎంత వేస్తారు’ అని అడగండి. బావమరిది గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.