మూసీ నీరు పారే మడిలో తెల్లని పొర: జిప్సం వేయవచ్చా?

ప్రశ్న: మాది ఘట్‌కేసర్ మండలం. రెండెకరాల్లో ఏళ్లుగా మూసీ కాలువ నీటితో వరి వేస్తున్నాం. వేసవిలో నేలపై తెల్లని పొర తేలుతోంది. పైరు నల్లగా, ఏపుగా పెరిగి ఈనిక తర్వాత పడిపోతోంది, తాలు ఎక్కువగా ఉంటోంది. జిప్సం వేయమంటారా?

జవాబు: జిప్సం కొనేముందు మట్టిని, కాలువ నీటిని రెండింటినీ పరీక్ష చేయించండి. ఎండినప్పుడు పొర తెల్లగా పొడిపొడిగా లేచి, పెట్టిన నీరు ఇంకిపోతుంటే అది పాల చౌడు, అంటే ఉప్పు పేరుకున్న నేల. నేల నల్లగా జిడ్డు పట్టినట్టుండి, బురద నీరు రోజుల తరబడి నిలిచి, ఆరాక గట్టి పెళ్లలు కడితే అది కారు చౌడు, అంటే సోడియం ఎక్కువైన క్షార నేల. జిప్సం పనికివచ్చేది కారు చౌడుకే. అదీ ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటిందని తేలాక, పరీక్షా కేంద్రం చెప్పిన మోతాదులోనే వేయాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది పాల చౌడేననిపిస్తోంది. సంతృప్త మట్టి సారంలో (మట్టిని నీటితో పూర్తిగా నానబెట్టి తీసిన ద్రవంలో) ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఆ నేలను పాల చౌడుగా లెక్కిస్తాం కాని, వరి దిగుబడి 3 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. చాలా కేంద్రాలు ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి కొలుస్తాయి. అందులో అంకె తక్కువగా కనిపిస్తుంది కనుక ఏ పద్ధతిలో కొలిచారో తప్పక అడగండి. ఈ ఉప్పును అదే మూసీ నీటితో కడగడం వృథా. గట్లు బలంగా వేసి వాన నీటిని నాలుగైదు రోజులు నిలగట్టి మురుగు కాలువలోకి వదిలేయాలి, ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. ఆ తర్వాత పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి. ముదురు నారు వాడి, కుదురుకు మొక్కలు పెంచి నాటండి.

పైరు పడిపోవడానికి కారణం వేరు. మూసీలో కలిసే నగర మురుగునీటిలోనే నత్రజని దండిగా ఉంటుంది, మీరు దానిపైన యూరియా కూడా చల్లుతూ ఉండవచ్చు. ఆకు నల్లగా ఉన్నంతకాలం పైపాటుగా యూరియా వేయవద్దు, పొటాష్ మాత్రం మానవద్దు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కంటికి కనిపించని కాడ్మియం, సీసం. ఉప్పు వాన నీటికి కొట్టుకుపోతుంది గాని, ఫ్యాక్టరీల వ్యర్థజలాలతో వచ్చిన ఈ లోహాలు పైమట్టిలోనే పేరుకుంటాయి. ఆకుకూరలు వీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి, భార లోహాల పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆ మడిలో పాలకూర, తోటకూర వేయకండి. మీ చుట్టుపక్కల చాలామంది వరి మానేసి గేదెల కోసం పారా గడ్డి పెంచుతున్నారు. అది ఉప్పును కొంత తట్టుకున్నా, లోహాలు మేత ద్వారా పశువులోకి చేరే వీలుంది కనుక గడ్డి నమూనా కూడా ఇవ్వండి.

ఎకరానికి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి అరకిలో పంపండి. తెల్లని పొరను మాత్రం విడిగా గీరి వేరే సంచిలో పెట్టండి.