అద్దంలో పదకొండు దీపాలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఈ వసంతకాలపు మొదటి మోటార్‌సైకిల్ రైడ్‌కు మీ క్లబ్బువారు నిన్ను రోడ్ కెప్టెన్‌గా, అంటే ముందుండి అందరినీ నడిపించేదానిగా, ఎన్నుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సంతోషమే వినిపించింది కాని, నాకు మాత్రం సంతోషమూ భయమూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చలికాలమంతా కదలకుండా ఉన్న బండ్లతో, అన్ని నెలలూ బండి ఎక్కని మనుషులను ఇరవై ఇద్దరిని వెంటబెట్టుకుని, ఒక్క రోజులో మూడు వందల కిలోమీటర్లు తిరిగి వస్తావని విన్న తరువాత ఆ రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అడగకుండా చెబుతున్నానని విసుక్కోవద్దు. ఏడేళ్ళ వయసులో నా హెల్మెట్ తలకు తగిలించుకుని, స్టాండు వేసి ఉన్న బండి మీద కూర్చుని, నోటితోనే ఇంజిన్ శబ్దం చేస్తూ లోకమంతా చుట్టి వచ్చినదానివి నువ్వు. ఆ ప్రయాణమంతా నేను పక్కనే నిలబడి ఆ స్టాండును కాలితో అదిమిపట్టి ఉన్న సంగతి నీకు తెలియదు.

బండి విషయం నీకు విడమరచి చెప్పనక్కరలేదు. టైర్లు, బ్యాటరీ, చైన్, లైట్లు, ఇంజిన్ ఆయిల్ చూసుకో. గాలి మాత్రం బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, ఎందుకంటే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పడిపోతే గాలి కొలిచే మీటరులో ఒక పీఎస్ఐ ఒత్తిడి తగ్గినట్టే; నెలల తరబడి నిలిపినందువల్ల మెల్లగా పోయిన గాలి దీనికి అదనం. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులకు పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే దిగువన ఉంటే ముందు రోజే ఛార్జింగ్ పెట్టవలసినట్టు. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలను కూడా అందరి చేతా చదివించు. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోయే వాళ్ళు ప్రతి క్లబ్బులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు; పాతబడి గట్టిపడిన రబ్బరు చల్లటి రోడ్డును పట్టుకోదని వాళ్ళకు నువ్వే చెప్పాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి చూడటం కూడా మరిచిపోవద్దు, చలికాలంలో ఎలుకలకు అంతకంటే వెచ్చని ఇల్లు దొరకదు.

బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. మన బండ్లలో ఎక్కువగా వాడే డాట్ 4 రకానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్తగా పోసినది కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం; తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 వరకు దిగిపోవచ్చు. కొండదారి దిగేటప్పుడు వరుసగా బ్రేకులు వేస్తుంటే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు కట్టి, లివర్ చేతికి మెత్తగా తగులుతూ చివరి దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్ళకొకసారి మార్చమంటారు. డాట్ 5 అని వేరొకటి ఉన్నది; అంకె పెద్దది కనుక మేలైనదనుకుని దానిని ఇందులో కలిపేవాళ్ళను చూశాను. అది సిలికాన్‌తో చేసినది, దీనితో కలపరాదు.

నీ బండికి రైడ్ ముందు రోజు సాయంత్రం కొత్త టైర్లు వేయించబోతున్నావని కూడా విన్నాను. అదేమి ఆలోచనమ్మా? కొత్త టైరు పైపొర అరిగి గరుకుదేరేదాకా, అంటే మొదటి నూట యాభై కిలోమీటర్ల వరకు, దానిని నమ్మకూడదని నీకు బండి నేర్పిన మొదటి వారంలోనే చెప్పాను. ఇరవై ఇద్దరు వెనుక వస్తుండగా ముందున్నదానివి నువ్వే జారితే ఎట్లా? ఈ వారమే వేయించి, మెల్లగా ఒక్కదానివే తిరిగిరా.

చలికాలంలో తుప్పు బండికంటే మనిషికే ఎక్కువ పడుతుంది. నేను నలభై ఏళ్ళుగా నడుపుతున్నవాడిని, అయినా ప్రతి వసంతంలో మొదటి గంటసేపు నా చేతులు పరాయివాళ్ళ చేతుల్లా ఉంటాయి. మీ క్లబ్బువారినందరినీ ముందు ఆదివారం ఒక ఖాళీ మైదానానికి రప్పించి, నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో తిప్పించి, నలభై కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా ఆపించు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా క్రమంగా బిగిస్తూ పోవాలన్నది వేళ్ళు మరిచిపోయి ఉంటాయి. చలి విషయం కూడా తేలికగా తీసుకోవద్దు. పది డిగ్రీల ఎండలో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే గాలి తాకే చర్మానికి అది దాదాపు నాలుగు డిగ్రీల చలి. బయలుదేరేటప్పుడు హాయిగా అనిపించినది రెండో గంటకు వేళ్ళను కొయ్యబార్చేస్తుంది. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు బండి ఇరవై ఐదు మీటర్లు ముందుకు పోతుంది, మొద్దుబారిన వేళ్ళు బ్రేకును అందుకోవడానికి ఆ ఒక్క సెకను ఆలస్యం చేస్తే చాలు. కనుక మూడు వందల కిలోమీటర్లు వద్దు. నూట ఇరవై చాలు, మధ్యలో రెండుసార్లు ఆగండి. చిన్న రైడ్ పెట్టిందని ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు.

తెల్లవారుజామున బయలుదేరవద్దు. వంతెనల మీద, చెట్ల నీడలో రాత్రి పేరుకున్న మంచు పొర ఎండ బాగా ఎక్కేదాకా కరగదు, అది కంటికి తడిలాగానే కనిపిస్తుంది. రోడ్డు పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కనుక, చలికాలం దాటేసరికి నిరుటి దాకా నున్నగా ఉన్న దారిలో కూడా గుంతలు పడి ఉంటాయి. వీటన్నిటినీ మించి, జారకుండా ఉండాలని మంచు రోజుల్లో చల్లిన ఇసుక వాన కడిగేదాకా మలుపుల లోపలి అంచున పేరుకుని ఉంటుంది. రెండు రోజుల ముందు నువ్వు ఆ దారంతా ఒకసారి వెళ్ళిరా. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెప్పాలి. మీ నాన్నకు ఇందులో సగమే తెలుసు.

నేను రోడ్ కెప్టెన్‌గా ఉన్న మూడో ఏడు అది, ముప్పై ఏళ్ళు దాటింది, మొబైల్ ఫోన్లు లేని రోజులు. మొదటి రైడ్‌కు నాతో కలిపి పన్నెండు మందిమి బయలుదేరాము. ఎప్పుడూ అందరికంటే వెనుక వచ్చే మిత్రుడికి ఆ రోజు జ్వరం. అతని బదులు ఇంకొకరిని వెనుక ఉండమని చెప్పవలసినవాడిని, ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుని ఊరుకున్నాను. కొత్తగా చేరిన కుర్రవాడొకడు, మాతో అది మూడో రైడ్, సంకోచం కొద్దీ తనంతట తానే వరుస చివర నిలబడ్డాడు. వాడు వినయంగా ఉన్నాడని సంతోషించానే తప్ప, వాడు ఉండవలసిన చోటు అది కాదని నాకు తోచలేదు.

నేను వేగంగా నడపలేదు, ఎనభై దాటలేదు. కాని ముందున్నవాడి ఎనభై చివరివాడికి ఎనభై కాదన్నది అప్పటికి నాకు అర్థం కాలేదు. నేను మలుపు ముందు అరవైకి తగ్గి, మలుపు దాటగానే మళ్ళీ ఎనభైకి పెంచినప్పుడు, వరుసలో చివరనున్నవాడు ఇంకా మలుపుకు అవతల అరవైలోనే ఉంటాడు. మధ్య దూరం రబ్బరు పట్టీలా సాగుతుంది. దానిని పూడ్చడానికి అతను వంద మీద రావలసి వస్తుంది. ప్రతి మలుపు దగ్గరా నేను ఆ కుర్రవాడిని నాకు తెలియకుండానే తరుముతున్నాను. ఒక మలుపులో లోపలి అంచున ఇసుక కనిపించింది. కాలు చాపి వెనుకవాళ్ళకు చూపించి తప్పుకున్నాను. ఆ సైగను రెండోవాడు మూడోవాడికి, మూడోవాడు నాలుగోవాడికి అందించారు, ఐదోవాడి దగ్గర అది ఆగిపోయింది. మధ్యవాళ్ళు అనుభవం కొద్దీ చూసుకుని తప్పుకున్నారు, చివరివాడు పరుగు మీద వచ్చి అందులో పడ్డాడు.

మలుపు దాటి కొంత దూరం పోయాక తిన్నని రోడ్డు వచ్చింది. అక్కడ అద్దంలోకి చూసి, వెనుక ఎన్ని హెడ్‌లైట్లు ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. పదకొండు. అందరూ ఉన్నారని మనసు నిమ్మళించింది. మరో ఇరవై ఐదు కిలోమీటర్లు పోయి పెట్రోలు బంకు దగ్గర ఆగి, అందరూ హెల్మెట్లు తీశాక చూస్తే, చివరి బండి దగ్గర ముఖం తెలియని మనిషి ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, మీది ఏ క్లబ్బండీ అని నవ్వుతూ అడిగాడు. పక్కదారిలోంచి వచ్చి, తోడు బాగుందని మా వెనుక చేరాడట. ఆయన తప్పు ఏమీ లేదు. కాని ఆయన నవ్వు ముఖం ఇప్పటికీ నాకు కలలో వస్తుంది.

వెనక్కు తిరిగి వెళ్ళేసరికి ముప్పావుగంట గడిచింది. బండి రోడ్డు వాలు కింద గడ్డిలో పడి ఉండటంతో దారిన పోయేవారెవరికీ కనిపించలేదు. కుర్రవాడు ఒక చెట్టుకు ఆనుకుని, విరిగిన కంటె ఎముకను రెండో చేతితో పట్టుకుని, తడి గడ్డిలో వణుకుతూ కూర్చున్నాడు. ఏడవలేదు, కోప్పడలేదు. నన్ను చూసి, ‘నన్ను చివరిసారి ఎక్కడ లెక్కపెట్టారండీ?’ అని మాత్రం అడిగాడు. నేనేమి చెప్పగలను? లెక్కపెట్టిన మాట నిజమే, అతను పడిపోయిన తరువాతే లెక్కపెట్టాను. ఎముక అతుక్కుంది, ఆ వేసవిలోనే బండి అమ్మేశాడు, మళ్ళీ క్లబ్బుకు రాలేదు. మేము ఎవ్వరమూ వెళ్ళి పిలవలేదు, పిలవవలసినవాడిని నేను.

కనుక ఇవి నీ ఇష్టానికి వదిలే మాటలు కావు. ఇరవై ఇద్దరిని ఒకే తోకగా సాగదీయవద్దు, ఐదారుగురి చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కొక్క జట్టును కొన్ని నిమిషాల తేడాతో పంపు. జట్టులో అందరికంటే కొత్తవాళ్ళను ముందున్నవాళ్ళ వెనుకనే, రెండో స్థానంలో పెట్టు, అప్పుడు వాళ్ళ వేగమే జట్టు వేగమవుతుంది. ప్రతి జట్టుకూ చివర ఒక స్వీప్ రైడర్, అంటే ఎవరూ వెనుకబడిపోకుండా చూసుకునేవాడు, ఉండాలి. అతనికి మెరిసే రంగు చొక్కా తొడిగించు, ఆ చొక్కా అద్దంలో కనపడకపోతే ముందున్నవాళ్ళు వేగం తగ్గించాలి. తిన్నని దారిలో ఒకరు మధ్యగీత వైపు, తరువాతివారు అంచు వైపు, పక్క వరుసలో ముందున్నవారికి ఒక సెకను, సూటిగా ముందున్నవారికి రెండు సెకన్ల ఎడంతో నడవండి. మలుపులు వచ్చినచోట ఒకరి వెనుక ఒకరుగా విడిపోండి. కూడలిలో ఎవరు తిరిగినా తన వెనుకవాడు కనిపించేదాకా ముందుకు పోకూడదు. ఆగిన ప్రతిచోటా హెల్మెట్లు తీయించి, ముఖాలు చూసి, పేరు పెట్టి పిలిచి లెక్కపెట్టు. దీపాలను లెక్కపెట్టవద్దు తల్లీ. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి కదా అంటావు; వాలు కింద పడినవాడి ఫోన్ ఏ జేబులో ఉన్నదో, వాడి చెయ్యి అక్కడికి అందుతుందో లేదో మనకు తెలియదు.

కార్లవాళ్ళ గురించి ఒక్క మాట. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సుమారు తొమ్మిది వందల మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. ఇంకొక వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు అవతలి వాహనం మోటార్‌సైకిల్‌కు దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవేనని అందులో తేలింది. అందరి కళ్ళ ముందూ తిరిగే రోజుల్లోనే అట్లా ఉంటే, నెలల తరబడి మోటార్‌సైకిల్ కంటపడని వసంతం తొలి రోజుల్లో వాళ్ళ కళ్ళు మనలను వెతకవు. ఎదురుగా వచ్చే కారు తిరగబోతున్నట్టు అనిపిస్తే, డ్రైవరు నీ కళ్ళలోకి చూసినా నమ్మవద్దు, చక్రం వైపు చూడు.

ఇంత రాశాక చదువుకుంటే నిన్ను భయపెట్టానేమో అనిపిస్తున్నది. మొన్న నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు, బయలుదేరే ముందు ఎవరూ చెప్పకుండానే వంగి చైన్ బిగువు చూసుకుని, చేతి తొడుగులు వేసుకుని, వెనుదిరిగి రోడ్డంతా ఒకసారి చూసి అప్పుడు క్లచ్ వదిలావు. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న నాకు కళ్ళు చెమర్చాయి. మీ పెద్దమ్మ చూసి, దుమ్ము పడిందా అని అడిగింది. ఇరవై ఇద్దరు నీ వెనుక రావడానికి ఒప్పుకున్నారంటే వాళ్ళు కూడా ఇదే చూసి ఉంటారు.

ఆదివారం ఇంటికి చేరాక ఎంత అలసటగా ఉన్నా, బయలుదేరినవారెందరో, తిరిగి వచ్చినవారెందరో, ఆ రెండు అంకెలూ నాకు పంపు. ఫోటోలు తరువాత తీరిగ్గా పంపుదువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న