మీ కళ్లు – మీ ప్రశ్నలు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. అంగన్‌వాడీకి వచ్చిన వైద్య బృందం ఎడమ కంటి చూపు తక్కువ ఉందని, కంటి దవాఖానకు చీటీ రాసిచ్చింది. వాడేమో టీవీ బాగానే చూస్తాడు. ఇప్పుడే అద్దాలు పెడితే అలవాటైపోతాయి, పెద్దయ్యాక చూద్దామంటున్నది మా అత్తమ్మ. ఆగవచ్చా? – ఒక తల్లి, పరకాల

జవాబు: ఆగకండమ్మా. టీవీ చూసేది కుడి కన్నే. ఎడమ కంటికి మొదటినుంచీ అంతే కనబడుతుంటే, తక్కువని బాబుకూ తెలియదు. అరచేత్తో కుడి కన్ను మూసి చూడండి. చేయి నెట్టేసినా, తల తిప్పి తొంగి చూసినా అనుమానించాల్సిందే. గొడవ చేయకపోయినా చూపు బాగున్నట్టు కాదు.

మసక బొమ్మ పంపే కన్నును మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్లలోపు చికిత్స బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు. అద్దాల వల్ల కన్ను పాడవదని అత్తమ్మగారికి నచ్చజెప్పండి.

చీటీ తీసుకొని వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లండి. కంటి కండరాన్ని సడలించే చుక్కల మందో, అట్రోపిన్ ఆయింట్‌మెంటో వేశాకే పవర్ చూడాలి. పిల్లలు కంటి కండరం బిగించి చూస్తారు కాబట్టి మందు వేయకుండా చూస్తే ప్లస్ పవర్ దాగిపోతుంది, లేని మైనస్ కనబడుతుంది. అట్రోపిన్ వాడితే కొన్ని రోజులు వెలుతురు పడదు, దగ్గరివి మసకబారుతాయి. ముఖం ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం మందు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి.

పగిలిపోని పాలికార్బోనేట్ అద్దాలు అడగండి. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఉండాలి. ఫ్రేమ్ ముక్కు మీదికి జారితే పిల్లవాడు పైనుంచి చూస్తాడు, పెట్టిన ఫలితం ఉండదు. మూడు నాలుగు నెలల్లో చూపు సరిపడా పెరగకపోతే ఎడమ కన్నుతోనే చూసేలా కుడి కన్నును మూసే పట్టీ (ప్యాచ్) చెబుతారు. సాధారణంగా రోజుకు 2 గంటలు, చూపు బాగా తక్కువైతే 6 గంటలు. అద్దానికి కాదు, చర్మానికే అతికించాలి, లేకపోతే పక్కనుంచి చూస్తాడు. ఆ సేపు రంగులు వేయించండి, పూసలు గుచ్చించండి. గంటలు మీ అంతట మీరు పెంచకండి, కుడి కంటి చూపు తగ్గే ప్రమాదముంది. చూపు వచ్చిందని ఒక్కసారిగా మానేసినా మళ్లీ పడిపోవచ్చు.

ప్రశ్న: ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో మా ఏడాది పాపకు ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వస్తోంది. కెమెరా లోపమా? – జమ్మికుంట

జవాబు: కెమెరా మీద వేయకండి. తెల్లగా వస్తున్న కంట్లో ఉన్నది శుక్లం కావచ్చు, ప్రాణానికి ముప్పు తెచ్చే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. రేపే కంటి డాక్టరుకు చూపించండి. ఆ ఫొటోలు ఫోన్‌లోంచి తీసేయకుండా చూపించండి.